పది మీద కొంచెం

తొమ్మిది పాయింట్ ఎనిమిది ఎనిమిది. కొంచెం తిప్పి కొలిస్తే తొమ్మిది పాయింట్ తొమ్మిది. మళ్ళీ మొదటి చోటే కొలిస్తే ఈసారి ఎనిమిది ఏడు, అంటే కదులుతున్నది ఇత్తడి గొట్టం కాదు, వెర్నియర్ పట్టుకున్న తన వేళ్ళే. నుహైలా వెర్నియర్ కింద పెట్టి చేతులు ప్యాంటుకి తుడుచుకుంది. చిటికెన వేలంత గొట్టం. కాసాబ్లాంకా నుంచి పోస్టులో వచ్చిన పెన్ను కిట్‌లో ఇదొక్కటే ఇంటి పెద్ద, మొన, స్ప్రింగు, వెనక నొక్కే బొత్తాం, రీఫిల్లు అన్నీ దీన్ని పట్టుకుని వేలాడే చుట్టాలే. చెక్కలో బెజ్జం వెయ్యాలి, బంక రాసి గొట్టం దించాలి, రెండు కొసల్లో చుట్టాల్ని కూర్చోబెట్టాలి, పెన్ను అయిపోయింది. కిట్‌తో వచ్చిన కాగితంలో 'పది మిల్లీమీటర్ల బిట్టు వాడండి' అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. ఏ చెక్కలోనో రాయలేదు. ఆ చెక్క ఇంకోటి దొరకనప్పుడు ఏం చెయ్యాలో రాయలేదు. ఆ చెక్క సొంతదారు ఎదురుగా స్టూలు మీద కూర్చుని రెప్ప వెయ్యకుండా చూస్తుంటే ఎలా తొలవాలో అసలే రాయలేదు.

ఎదురుగా కూర్చున్నది జిలాలీ మామ. రేవులో నలభై ఏళ్ళు చెక్క పడవలు కట్టిన మనిషి. అయిదు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, నాలుక పడిపోయింది. బుర్రకి ఏం కాలేదని డాక్టరు అన్నాడు, ఆ మాట డాక్టరు చెప్పక్కర్లేదు, కళ్ళు చూస్తే చాలు. ఆయన భార్య ఫద్మా పిన్ని (మామా, పిన్నీ చుట్టరికాలు కావు, చిన్నప్పట్నుంచీ పిలుపులే) ఆయన్ని తోపుడు బండిలో ఎక్కించి తీసుకొచ్చింది, ఈ సందుల్లోకి ఇంకే బండీ రాదు కదా. బండివాడు గంటలో వస్తానన్నాడు. వచ్చి ఇప్పటికే పదినిమిషాలు. "తొందరేం లేదమ్మా, నిదానంగానే చెయ్యి, గంట టైముంది" అంది పిన్ని, గోడ పక్కన చెక్కపొట్టు బస్తా మీద సర్దుకుని కూర్చుంటూ. గంట టైముంది అని చెప్పేవాళ్ళంత తొందరపెట్టేవాళ్ళు ఇంకెవరూ ఉండరు.

నుహైలా ముందున్న చెక్క ఆయన కొయ్య సుత్తి పిడి. అర్గాన్ చెట్టు కొయ్య. ఇనుముకి అన్నలాంటిది, బిట్టు దిగుతుంటే పొట్టు రాదు, పొగొస్తుంది. పిడికి ఒక చోట నున్నటి పల్లం ఉంది, బొటనవేలు పట్టేంత. ఎవరూ చెక్కింది కాదు, నలభై ఏళ్ళ పాటు నీళ్ళు కారకుండా పడవ పలకల సందుల్లో దూది కూరి కొట్టీ కొట్టీ ఆ వేలే తవ్వుకున్న పల్లం. ఎడమ బొటనవేలు. ఆయన ఎడమచేతివాటం మనిషి, కానీ ఆ సంగతి ఒక్క సుత్తికే తెలుసు. తిండి కుడిచేత్తోనే, సలాం కుడిచేత్తోనే, రాతా కుడిచేత్తోనే, చిన్నప్పుడు బళ్ళో ఎడమచేత్తో పలక బలపం ముట్టుకున్నందుకు వేళ్ళ కణుపుల మీద కొట్టిన దెబ్బలకి ఆ చెయ్యి మళ్ళీ కాగితం జోలికి పోలేదు. ఇప్పుడు కుడిచెయ్యి ఒళ్ళో ఎవరో మర్చిపోయి వెళ్ళిన సామానులా పడుంది. ఎడమ చేతిలో పెన్ను పెడితే విసిరేస్తాడు. సన్న పెన్ను, లావు పెన్ను, పెన్సిలు, పిల్లల రంగు పెన్ను, పలక, ఒకసారి పిన్ని పెట్టిన సూప్ గిన్నె కూడా. సుత్తి పిడి ఒక్కటి పెడితే మాత్రం పట్టుకుని రోజంతా ఊరుకుంటాడు. పోయిన నెల చూడ్డానికి వెళ్ళినప్పుడు నుహైలా అది చూసి, "పోనీ దాంట్లోనే రీఫిల్లు పెడితేనో?" అంది. ఊరికే అంది. జనం ఊరికే అన్నవే జనానికి గుర్తుంటాయి. మర్నాడు పొద్దున్నే ఫద్మా పిన్ని వచ్చి నాన్న వడ్రంగి దుకాణం తలుపు కొట్టింది. "నా మీద ఏదో కోపం ఉందమ్మా ఆయనకి. అదేంటో తెలిస్తే చాలు, నేను దిద్దుకుంటా. తెలీకుండా చచ్చిపోతే నేనేం చెయ్యను?"

అందుకే పిడిని చిత్రిక పట్టకూడదు. మామూలుగా అయితే ఇంత చెక్కముక్క తీసుకుని, బెజ్జం వేసి, గొట్టం దించి, లేతు మీద తిప్పి నున్నగా గుండ్రంగా చేస్తుంది, బెజ్జం కాస్త అటూ ఇటూ పోయినా పైన చెక్కే పని సరిచేసేస్తుంది. ఇక్కడ పైన ఉన్నదే అసలు. ఆ పల్లం, ఆ చమట మెరుపు, ఆ కోలగా అరిగిన వంపు, ఒక్క గీత పడినా ఆయన చెయ్యి దాన్ని వేరేవాళ్ళ వస్తువనుకుంటుంది. పని అంతా లోపలే. పల్లం దగ్గర పిడి మందం పదిహేను. బెజ్జం పది. అటు రెండున్నర, ఇటు రెండున్నర. బిట్టు వాలితే ఆ రెండున్నరలోంచి ఇత్తడి బయటికి చూసి పలకరిస్తుంది. ఏడు మిల్లీమీటర్ల సన్న కిట్టు వాడొచ్చుగా అని రాత్రంతా తనలో తను వాదించుకుంది, అప్పుడు గోడ లావుగా మిగులుతుంది, భయం ఉండదు. కానీ సన్న కిట్టుని మెలితిప్పితే గానీ మొన బయటికి రాదు, మెలితిప్పడానికి రెండు చేతులు కావాలి, ఆయనకి ఉన్నది ఒకటి. ఒకే చేత్తో నొక్కేది కావాలంటే ఈ లావు గొట్టమే గతి.

"ఏమ్మా ఇంజనీరమ్మా, ఇంకా కొలుస్తూనే ఉన్నావా?" వెనక బల్ల దగ్గర్నుంచి నాన్న. బూజెమా మేస్త్రి. కంట్లో శుక్లం వచ్చాక ఆపరేషన్‌కి వెళ్ళమంటే వచ్చే నెల, వచ్చే నెల అంటూ ఎదురుగా ఉన్నదాన్ని చేత్తో తడిమి పని చేస్తున్నాడు. "ఎంతసేపు కొలిచినా అది లావెక్కదు, సన్నబడదు."

"సన్నబడుతుంది నాన్నా. చల్లారాక బెజ్జమే సన్నబడుతుంది."

"ఆహా. అది నీకెవరు చెప్పారు, కాలేజీవాళ్ళా?"

"నువ్వే."

నాన్న వీపు కదిలింది. నవ్వుంటాడు. వీపుతో నవ్వే మనిషి.

పిడికి రెండో కొస, ఇన్నాళ్ళూ సుత్తి తల లోపల దాక్కున్న కొస, ఎవరి వేలూ తగలనిది, అదొక్కటే ప్రయోగానికి మిగిలింది. పొద్దున దాన్ని కోసి రెండు ముక్కలు చేసింది. మొదటి ముక్కలో కొత్త పది బిట్టు, మధ్యలో ముల్లులాంటి మొన ఉన్నది, పక్కకి పోకుండా నిలబడుతుంది. దింపింది, తీసింది, దింపింది, తీసింది, పొట్టు ఊదింది, బెజ్జం గీసినట్టు నిటారుగా వచ్చింది. గొట్టం పెడితే హాయిగా జారింది. ఫోన్లో పాటేదో పెట్టుకుందామనుకుని కూడా ఆగింది. సగం టీ తాగొచ్చి మళ్ళీ పెడితే గొట్టం గుమ్మంలోనే ఆగిపోయింది. చెక్క చల్లారి బిగుసుకుంది. బంక రాసి ఉంటే? సగంలో ఆగిపోయేది, ఇటు రాదు, అటు పోదు, సుత్తితో కొడితే అర్గాన్ చీలుతుంది. రెండో ముక్కలో తన సొంత పెట్టెలోంచి పది పాయింట్ రెండు. ఇనుములో పన్నెండు బోల్టుకి మర తీసేముందు వేసే బెజ్జం సైజు అది, సఫీ కాలేజీలో చదువుకున్న రెండేళ్ళలో వంద సార్లు వేసుంటుంది, నిద్దట్లో అడిగినా చెప్తుంది. చల్లారాక కూడా గొట్టం దిగింది, బంకకి చోటు కూడా ఉంది, అంతా బావుంది, కానీ ముక్కని తిరగేసి చూస్తే బెజ్జం మధ్యలోంచి రాలేదు. ఇనుము కోసం పుట్టిన బిట్టుకి ముల్లు ఉండదు, చెక్క నార ఎటు లాగితే అటు పోయింది. మిల్లీమీటరున్నర. రెండున్నరలో మిల్లీమీటరున్నర పోతే మిగిలేది ఒకటి. ఇంక ప్రయోగానికి ముక్కల్లేవు.

ఇప్పుడిక మిగిలింది నాన్న టీ డబ్బా. అందులో నాన్న బిట్లు, ప్రతి దానికీ మెడలో ఒక ఉన్ని దారం, అంకెలు ఆయన చూడడు, రంగే చూస్తాడు. నీలం అంటే పెట్టెల మేకులకి. పచ్చ అంటే దీపం కాడలకి. ఎర్రదారం పది అని ముద్రుంటుంది గానీ అది పది తొలవదు. ఆయన గ్రైండర్ మీద కంటితో సానబెడతాడు, ఒక అంచు కొంచెం పొడుగు, ఒక అంచు కొంచెం పొట్టి, కాబట్టి బిట్టు తిరిగేటప్పుడు కొంచెం నడుం ఊపుతూ తిరిగి తన మందం కంటే పెద్ద బెజ్జం వేస్తుంది. ప్రతి బిట్టు ఎంత ఊపుతుందో ఆయన చేతికి తెలుసు. నుహైలాకి తెలీలేదు. కాలేజీ మొదటి సెలవులకి వచ్చినప్పుడు, నాన్న ఊళ్ళో లేని రెండు రోజుల్లో, పాపం అన్నీ వంకరగా ఉన్నాయే అని జాలిపడి, కోణం కొలిచే పరికరం పెట్టి డబ్బా మొత్తం సానబెట్టింది. రెండంచులూ సమానం. అద్దంలాగా మెరిశాయి. దారాలు ఎక్కడివక్కడే కట్టింది కూడా. నాన్న వచ్చి నలభై చదరంగం పెట్టెల మూతలకి నీలం దారంతో బెజ్జాలు వేసి, ఎప్పట్లాగే కొయ్య మేకులు కొట్టాడు. ఎప్పట్లాగే అనుకుని కొట్టాడు. బెజ్జాలు కచ్చితంగా ముద్ర మీద ఉన్నంతే వచ్చాయి, మేకులు మాత్రం పాత బెజ్జాల కోసం చేసినవి. ఒకటో మూత చీలింది. చెక్క తేడా అనుకున్నాడు. రెండోది. మూడోది. చీలిక కనపడనివి వారం తరవాత అమ్మకానికి పెట్టిన చోట చీలాయి. ఆయన అరవలేదు. శుక్రవారం నమాజుకెళ్ళొచ్చి, చొక్కా మార్చుకుని, గ్రైండర్ ముందు కూర్చుని, ఒక్కో బిట్టూ మళ్ళీ వంకర చేశాడు. సాయంత్రం దాకా పట్టింది. అప్పట్నుంచే ఇంజనీరమ్మ అని పిలుపు. అరిచినా బావుండేది. ఆ రోజు గ్రైండర్ చప్పుడు ఇప్పటికీ పళ్ళలో వినిపిస్తుంది.

"నాన్నా, ఎర్రదారం ఎంత?"

"పది మీద కొంచెం."

"కొంచెం అంటే ఎంత?"

"కొంచెం అంటే కొంచెం. ఎక్కువ కాదు."

ఫద్మా పిన్ని బస్తా మీదనుంచి, "మీ అమ్మని చూడ్డానికొచ్చినప్పుడు, పెళ్ళిచూపుల్లో కూడా మీ నాన్న ఇలాగే చెప్పాడే. ఎంత సంపాదిస్తావ్ అంటే, సరిపడా మీద కొంచెం అని" అంది.

"అబద్ధమా?" అన్నాడు నాన్న.

"ఆ కొంచెం కూడా లేదు."

జిలాలీ మామ గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. నవ్వో దగ్గో. ముగ్గురూ ఆయన వైపు తిరిగారు, ఆయన వెంటనే పిడి వైపు చూశాడు. పిడిని పొద్దున ఆయన చేతిలోంచి ఎవరూ లాక్కోలేదు. నుహైలా వాళ్ళింటికి వెళ్ళి కాగితం మీద బొమ్మ గీసి చూపించింది, ఇక్కడ బెజ్జం, ఇక్కడ గొట్టం, ఇదిగో నువ్వు ఇక్కడ నొక్కుతావు అని. ఆయన బొమ్మని చాలాసేపు చూశాడు, పడవల మనిషి కదా, గీతల్ని నమ్మడు, ఆయన జన్మలో ఒక్క పడవనీ కాగితం చూసి కట్టలేదు. తరవాత పిడి చాపాడు. ఇచ్చాక ఎడమ చెయ్యి ఏం చెయ్యాలో తెలీక మోకాలి మీద తెరిచే ఉంచాడు. ఇప్పటికీ తెరిచే ఉంది. బొటనవేలు మాత్రం కొంచెం వంగి ఉంది, లేని పిడి చుట్టూ.

ఎర్రదారంతో వేసిన పాత బెజ్జం ఒకటి మూల పడున్న బల్లకాలిలో దొరికింది. పది పాయింట్ ఒకటి ఎనిమిది. కానీ అది మెత్తటి చెక్క, అది నాన్న కళ్ళు బావున్నప్పుడు సానబెట్టిన ఎర్రదారం, ఆ తరవాత ఎన్నిసార్లు సానబెట్టాడో, చూసి పెట్టాడో చూడకుండా పెట్టాడో. అడిగితే నొచ్చుకుంటాడు. అడక్కపోతే పిడి పోతుంది. కొత్త పదితో నిటారుగా వేసి, ఆ దారిలోనే ఎర్రదారాన్ని డ్రిల్లింగ్ మెషీన్ మీద పంపితే? బిట్టుకి కొరకడానికి పెద్దగా ఏమీ దొరకనప్పుడు అది మరమేకులా లాక్కుంటుంది, ముక్కని పట్టి ఒక్క గుంజు గుంజుతుంది, ఇత్తడిలో అలా అయినప్పుడు కాలేజీ మాస్టారి వేలు చిట్లింది, ఆయన కర్చీఫు చుట్టుకుని పాఠం పూర్తి చేశాడు. మెషీన్ మీద వద్దు. మరి చేత్తో? చేత్తో అయితే లాక్కునే లోపే ఆపొచ్చు, ఎంత తీస్తున్నానో వేలికి తెలుస్తుంది, ప్రతి రెండు చుట్లకీ గొట్టం పెట్టి చూసుకోవచ్చు, అంటే బిట్టు ఎంతో తెలియాల్సిన పనే లేదు, గొట్టమే చెప్తుంది చాలు అని. అంకె కోసం పొద్దున్నుంచీ వెతుకుతోంది గానీ కావాల్సింది అంకె కాదు, ఆగడం. ఇది నాన్న చెప్పి ఉండాల్సిన మాట. చెప్పడు. ఆయనకి మాటల్లో రాదు.

పిడిని మెషీన్ కింద చెక్క దిమ్మల మధ్య, సైకిల్ ట్యూబు ముక్కలు వేసి బిగించింది. కొత్త పది. నొక్కింది. మొన ముల్లు దిగింది, అర్గాన్ కిర్రుమంది, కాలిన వాసన, నూనె వాసన, వేయించిన గింజల వాసన. గోరంత లోతు, తియ్యి. ఊదు. ఆగు. వేలు పెట్టి చూడు, వేడి. ఆగు. ఫద్మా పిన్ని పెదవులు కదులుతున్నాయి, దువా చదువుతోందో కూర లెక్కలు వేసుకుంటోందో. మళ్ళీ గోరంత. తియ్యి. ఇప్పుడు బిట్టు మొన పల్లానికి సరిగ్గా కింద ఉండి ఉంటుంది, బయటనుంచి ఆ నున్నటి చోట బొటనవేలు ఆనించింది, లోపల వణుకు తెలుస్తోంది, ఇంత పల్చటి గోడ, రెండు పేర్చిన నాణేలంత, అటువైపు ఇనుము తిరుగుతోంది. తన వేలికి పల్లం పెద్దది. వేరేవాళ్ళ చెప్పులో కాలు పెట్టినట్టుంది. తియ్యి. ఊదు. ఆగు. పూర్తిగా చల్లారేదాకా ఆగడానికి అరగంట పట్టింది, మధ్యలో నాన్న లేచొచ్చి పక్కన నిలబడ్డాడు. బిట్టు అవతలి కొసలోంచి బయటికొచ్చింది. మధ్యలోంచి. కొలిచింది. మధ్యలోంచే.

గొట్టం పెట్టింది. గుమ్మంలోనే ఆగింది, అనుకున్నదే.

ఎర్రదారం బిట్టుకి చేతి పిడి తగిలించి, నిదానంగా, రెండు చుట్లు. సన్నటి గోధుమరంగు పిండి రాలింది. గొట్టం. లేదు. రెండు చుట్లు. లేదు. మూడోసారికి గొట్టం సగం దాకా వెళ్ళి, గాలి పట్టినట్టు ఆగింది. ఇంకో చుట్టు వేద్దామని బిట్టు దించుతుంటే నాన్న చెయ్యి వచ్చి తన మణికట్టు మీద పడింది.

"చాలు."

"ఇంకా దిగలేదు నాన్నా."

"పిండి దులుపు ముందు."

దులిపింది. తిరగేసి కొట్టింది. గొట్టం పెట్టింది. చివరిదాకా వెళ్ళింది, చప్పుడు లేకుండా, మెల్లగా, తనంతట తను వెళ్తున్నట్టు. ఇంకో చుట్టు వేసుంటే వదులయ్యేది. నాన్న అప్పటికే తన బల్ల దగ్గరికి వెళ్ళిపోతున్నాడు, దారిలో ఉన్న స్టూలుకి మోకాలు కొట్టుకుని దాన్ని తిట్టాడు.

బంక రాసి గొట్టం దించాక ఆరడానికి అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాల్లో నుహైలా ఏం ఆలోచించలేదు. బహుశా ఆ రోజు మొత్తంలో అవే. తరవాత మొన, స్ప్రింగు, రీఫిల్లు, బొత్తాం, ఒక్కొక్కటీ నొక్కి కూర్చోబెట్టింది. గుండ్రటి లోహం కోలటి చెక్క మీద అస్సలు అతకలేదు, పెద్దమనిషికి పిల్లాడి టోపీ పెట్టినట్టుంది. పోటీకి పంపితే నవ్వుతారు. జిలాలీ మామ తెరిచి ఉన్న చేతిలో పెట్టింది.

వేళ్ళు మూసుకున్నాయి. బొటనవేలు పల్లంలోకి వెళ్ళి కూర్చుంది. విసిరేస్తాడేమో అని నుహైలా ఒక అడుగు వెనక్కి వేసింది కూడా. ఆయన దాన్ని మోకాలికేసి రెండుసార్లు కొట్టి చూశాడు, చెవి వంచి విన్నాడు. పిడిని అరచేతిలో పైకి జరిపాడు. బొత్తాం నొక్కాడు. మొన వచ్చింది. నొక్కాడు, పోయింది. నొక్కాడు. ఫద్మా పిన్ని సంచిలోంచి మనవరాలి నోట్‌బుక్కు తీసి ఒళ్ళో పెట్టింది, తన రెండు చేతులతో అంచులు పట్టుకుంది. ఎడమ చెయ్యి కాగితం మీద కొంతసేపు ఆగింది. కణుపులు తెల్లబడ్డాయి, ఎవరైనా కొడతారేమో అన్నట్టు. ఎవరూ కొట్టలేదు. రాయడం మొదలుపెట్టాడు. ఒక్కో అక్షరం ఒక్కో పలక మేకు కొడుతున్నట్టు, నొక్కి, ఆగి, మళ్ళీ నొక్కి. ఒక వరస. మొన మూసి, తల ఎత్తి, భార్య వైపు చూశాడు.

ఫద్మా పిన్నికి చదువు రాదు. నోట్‌బుక్కు తిప్పి నుహైలా వైపు పట్టింది. "చదువమ్మా."

అయిదు నెలలుగా ఒక మనిషి మనసులో దాచుకున్న మాట, మొగుడూ పెళ్ళాల మధ్య మాట, దుకాణం మధ్యలో నిలబడి తను పైకి చదవాలి. బెజ్జం సంగతి ఆలోచించింది గానీ ఇది ఆలోచించలేదు. తిట్టయితే? అబద్ధం చెప్పాలా? ముందు లోపల చదువుకుంది. వంకర అక్షరాలు, కానీ అర్థమవుతున్నాయి. ఇంకోసారి చదువుకుంది.

"గుమ్మం దగ్గర కూర్చోబెట్టు."

"ఇంకా?"

"అంతే పిన్నీ."

"సరిగ్గా చూడు. కిందేమైనా ఉందేమో."

"కిందేం లేదు."

ఫద్మా పిన్ని ఆయన వైపు తిరిగింది. "గుమ్మం దగ్గరా? దీనికా నా గిన్నెలన్నీ పగలగొట్టావ్? లోపలి గదిలో పెట్టమన్నది నేను కాదయ్యా, నీ డాక్టరు! చలిగాలి తగిలితే మళ్ళీ వస్తుందన్నాడు! నేనేమో... అయిదు నెలలు... నేనేం తప్పు చేశానా అని రాత్రీ పగలూ..." మిగతాది కొంగులోకి పోయింది. ఆయన కళ్ళు దించుకోలేదు. బొత్తాం ఒకసారి నొక్కాడు.

బయట బండివాడు ఇనుప చట్రం మీద కొట్టాడు. "అత్తా, గంటయింది!"

పిన్ని ముక్కు తుడుచుకుని లేచి వెళ్ళి, "నువ్వెళ్ళి ఇంకో బాడుగ చూసుకో నాయనా, మేం సాయంత్రం వస్తాం" అని చెప్పి తిరిగొచ్చింది. నుహైలా వైపు చూసింది, అడగలేదు. అడగక్కర్లేకుండానే ఇద్దరూ స్టూలుకి అటొకరూ ఇటొకరూ పట్టుకుని, మామతో సహా, ఈడ్చుకుంటూ దుకాణం గుమ్మంలోకి తీసుకెళ్ళారు. ఆయన తల తిప్పి సందు ఆ చివర నుంచి ఈ చివరకి చూశాడు, చేపల బుట్టతో ఒకామె, ఒక పిల్లి, ఎవరిదో సైకిలు.

"అమ్మాయ్, దారికి అడ్డం కాదూ?" అన్నాడు నాన్న లోపల్నుంచి. "కొనేవాళ్ళు ఎటునుంచి వస్తారు?"

"పక్కనుంచి వస్తారు నాన్నా."

"పక్కన చోటుందా?"

నుహైలా చూసింది. కొలవలేదు.

"సన్నటి మనిషయితే పడతాడు" అంది.